అతికించే నట్‌ప్లేట్లు కొద్ది సంఖ్యలో ఎక్కడ దొరుకుతాయి? రివెట్ కొట్టే వీలు లేదు

తూనీగ_రెక్కలు
రెండు వారాలుగా వెతికి వెతికి విసిగిపోయి ఇక్కడ అడుగుతున్నాను. నేను కట్టుకుంటున్నది రెండు సీట్ల కాంపోజిట్ విమానం, అంటే గ్లాస్ ఫైబర్ పొరలతో చేసేది. ఫ్యూజలాజ్ (విమానం ఒళ్లు) అడుగున తనిఖీ మూతలు మూడు, రెక్క మొదట్లో ఫెయిరింగ్‌లు (గాలి సాఫీగా జారే తొడుగులు) రెండు ఉన్నాయి. వీటి స్క్రూలు పట్టుకోవడానికి లోపలి వైపు నట్‌ప్లేట్లు (చిన్న రేకుతో కలిసి ఉండే నట్లు) 8-32 స్క్రూ సైజువి నలభై దాకా, 10-32వి ఒక పన్నెండు కావాలి. లోపల వైర్లు కట్టుకోవడానికి చిన్న స్టడ్‌లు (మర ఉన్న పొట్టి కడ్డీలు) కూడా. అన్నీ జిగురుతో అతికే రకమే కావాలి.

అమ్మేవాళ్లను అడిగితే ఒకరు వెయ్యికి తక్కువైతే ఇవ్వం అన్నారు. ఇంకొకరు మీ కంపెనీ పేరేంటని అడిగి, ఇంట్లో కట్టుకుంటున్నానని చెప్పగానే ఊరుకున్నారు. మూడో చోటి నుంచి జవాబే రాలేదు. యాభై నట్‌ప్లేట్ల కోసం విమానం ఆగిపోయింది. మీరంతా ఎక్కడ తెచ్చుకుంటున్నారు? లేక సొంతంగా చేసుకునే పద్ధతి ఏదైనా ఉందా?

రివెట్_రాణి
అసలు రివెట్ ఎందుకు వద్దు? రెండు చెవులుండే మామూలు కె1000 రకం నట్‌ప్లేట్, తల మునిగిపోయే చిన్న కౌంటర్‌సంక్ రివెట్లు రెండు, పావుగంట పని. నేను మూడు వందలకు పైగా కొట్టాను, ఒక్కటీ కదల్లేదు.

తూనీగ_రెక్కలు
మీది అల్యూమినియం కదండీ. నాది శాండ్‌విచ్. బయట రెండు పొరల గ్లాస్, మధ్యలో ఫోమ్, లోపల మళ్లీ రెండు పొరలు. మూత కూర్చునే అంచు దగ్గర ఫోమ్ తీసేసి గట్టి గ్లాస్ చేశాను గానీ, అక్కడ స్క్రూ రంధ్రానికి అటూ ఇటూ మళ్లీ రెండు రంధ్రాలు పొడవడానికి మనసొప్పడం లేదు. అంచు సన్నగా ఉంది. పైగా బయట ఫినిష్ కూడా అయిపోయింది.

రివెట్_రాణి
అయితే సరే. రివెట్ రంధ్రం మధ్య నుంచి అంచు దాకా కనీసం రివెట్ వ్యాసానికి రెండింతలు ఉండాలి. అది కుదరకపోతే రివెట్ మాట నేనూ ఎత్తను.

ఎపాక్సీ_బాబాయ్
తూనీగ గారూ, ముందు పేరు సరిగ్గా పట్టుకుంటే వెతకడం సులువవుతుంది. ఊరికే నట్‌ప్లేట్ అని వెతికితే రివెట్ రకాలే వస్తాయి. ఈ రకంలో అందరి నోటా ఉండే పేరు క్లిక్ బాండ్, నెవాడాలోని కార్సన్ సిటీ కంపెనీ. విమాన ఫ్యాక్టరీల్లో వాడేవి ఎక్కువగా వీళ్లవే. నట్‌ప్లేట్లు, స్టడ్‌లు, వైర్ కట్టే దిమ్మలు అన్నీ చేస్తారు. రెండో పేరు బిగ్‌హెడ్, ఇంగ్లండ్ వాళ్లది. వాళ్ల స్టడ్ అడుగున ఒక పళ్లెం ఉంటుంది, దాని నిండా రంధ్రాలు. రెజిన్ ఆ రంధ్రాల్లోంచి పైకి పొంగి గట్టిపడి పళ్లేన్ని పట్టేస్తుంది. పడవలు, బస్సులు కట్టేవాళ్లు కూడా వాడతారు కాబట్టి చిల్లరగా దొరికే అవకాశం ఎక్కువ. మీ వైర్ల స్టడ్‌లకు అదే చూడండి.

క్లిక్ బాండ్ నట్‌ప్లేట్‌లో నాకు నచ్చేది దాని మధ్యలో ఉండే రబ్బరు తోక. ప్లేట్ అడుగున జిగురు రాసి, తోకను రంధ్రంలోంచి అవతలికి దూర్చి లాగితే ప్లేట్ సరిగ్గా రంధ్రం మధ్యలో కూర్చుంటుంది. జిగురు గట్టిపడేదాకా ఆ రబ్బరే బిగువుగా పట్టుకుంటుంది, మరల్లోకి జిగురు పోనివ్వదు. తర్వాత తోక లాగేస్తే పని అయిపోయినట్టే. క్లాంప్ అక్కర్లేదు.

చిల్లరగా కావాలంటే ఫ్యాక్టరీని కాదు, ఇంట్లో విమానం కట్టుకునే హోమ్‌బిల్టర్లకు అమ్మే దుకాణాలను, మిగులు సరుకు అమ్మేవాళ్లను అడగాలి. మిగులు సరుకులో నట్‌ప్లేట్ ఎంత పాతదైనా ఫర్వాలేదు, శుభ్రం చేసుకోవచ్చు. జిగురు మాత్రం గడువు చూడకుండా కొనొద్దు. రబ్బరు తోక ఉందో లేదో కూడా అడగండి. చాలాసార్లు తోకలు ఎండిపోయి విరిగి ఉంటాయి.

కొత్తరెక్క_02
ఇంత కష్టం ఎందుకు బాబాయ్, మామూలు కె1000నే జేబీ వెల్డ్ ఎపాక్సీ జిగురుతో అతికిస్తే? మా షెడ్డులో ఒకాయన కౌలింగ్ (ఇంజిన్ మూత) మొత్తం అలాగే చేశాడు.

పాత_ప్రొపెల్లర్
తమ్ముడూ, సరిగ్గా అదే పని నేనూ చేశాను. మూడో ఏడు వార్షిక తనిఖీలో మూత విప్పుతుంటే ఒక స్క్రూతో పాటు నట్‌ప్లేట్ కూడా గిర్రున తిరగడం మొదలైంది. స్క్రూ బయటికి రాదు, లోపలికి పోదు. వెనక చెయ్యి పెట్టే దారి లేదు, ఎందుకంటే దారి అంటే ఆ మూతే. చివరికి స్క్రూ తల డ్రిల్‌తో కోసేసి మూత తీశాను. పెయింట్ పోయింది, అంచు గ్లాస్ కాలి నల్లబడింది. ఒక సాయంత్రం అనుకున్న పని రెండు వారాలు పట్టింది. నట్ తిరిగినంత సేపూ నా తలా తిరిగింది.

కొత్తరెక్క_02
ఎందుకు ఊడింది? జిగురు పాతబడిందా?

పాత_ప్రొపెల్లర్
ఊడిన ప్లేట్ తిప్పి చూస్తే జిగురంతా గ్లాస్ మీదే ఉంది. ప్లేట్ అడుగు అద్దంలా మెరుస్తోంది. అంటే జిగురు బలహీనం కాదు, ప్లేట్‌కు అసలు అంటుకోనేలేదు. అది కాడ్మియం పూత ఉన్న ప్లేట్ అని తర్వాత తెలిసింది.

ఎపాక్సీ_బాబాయ్
అందరూ గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇదే. బజారులో దొరికే ఉక్కు నట్‌ప్లేట్లలో చాలావాటికి కాడ్మియం పూత, దాని మీద మాలిబ్డినం పొడి లూబ్రికెంట్ పూత ఉంటాయి. స్క్రూ సులువుగా తిరగడానికి వేసిన లూబ్రికెంట్ అది, దాని మీద జిగురు ఎలా అంటుతుంది? పోనీ గీకేద్దాం అనుకోవద్దు, కాడ్మియం దుమ్ము విషం. శాండ్‌పేపర్ పెట్టొద్దు. అతికించాలనుకుంటే పూత లేని స్టెయిన్‌లెస్ స్టీల్ ప్లేట్లే కొనండి.

గ్లైడర్_గిరి
నేను రివెట్_రాణి గారి పక్షమే. రివెట్ కంటికి కనబడుతుంది, వదులైతే తెలుస్తుంది. జిగురు లోపల ఏం జరుగుతోందో ఎవరికీ తెలియదు. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ 243 పైకప్పు గాల్లోనే లేచిపోయింది కదా. ఆ బోయింగ్ 737 అతుకుల్లో వేడి పెట్టకుండా (కోల్డ్ బాండింగ్) అతికించిన జిగురు తేమకు వదిలేసి, బరువంతా రివెట్ల మీద పడి, రంధ్రాల అంచుల్లో పగుళ్లు వచ్చాయి. అంత పెద్ద కంపెనీకే జిగురు మోసం చేస్తే మన షెడ్డులో ఏం చేస్తాం?

సుడిగాలి_సుజాత
గిరి గారూ, అదే చరిత్రలో రెండో వైపు కూడా చూడాలి. రెడక్స్ జిగురు 1941లో వచ్చింది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో డి బ్రూయిన్ అనే ఆయన తయారుచేసిన జిగురు అది. బ్రిటిష్ విమాన కంపెనీ డి హావిలాండ్ వాళ్లు హార్నెట్ యుద్ధవిమానంలో చెక్కనూ అల్యూమినియాన్నీ దానితోనే కలిపారు, ఆ తర్వాత కామెట్ జెట్ విమానంలో లోహాన్ని లోహానికి అతికించారు. జిగురుతో విమానాలు ఎగరబట్టి ఎనభై ఏళ్లు దాటింది. అలోహాలో దెబ్బతీసింది ఉపరితలం సిద్ధం చేసిన తీరు, లోపలికి చేరిన తేమ. మన ప్రొపెల్లర్ గారి ప్లేట్ కూడా ఉపరితలం దగ్గరే దెబ్బతింది. నాకైతే రెండూ ఒకే పాఠంలా కనిపిస్తున్నాయి.

ఇంకో మాట. అక్కడ ఊడింది విమానం ఒళ్లు. ఇక్కడ మాట్లాడుకుంటున్నది తనిఖీ మూత నట్. ఈ నట్ మీద పడే బలం ఏంటో చూడకుండా భయపడటం సరికాదు.

గ్లైడర్_గిరి
సరే, చెప్పండి. ఏ బలం పడుతుంది?

సుడిగాలి_సుజాత
నట్‌ప్లేట్ ఉండేది విమానం చర్మానికి, అంటే బయటి గోడకు, లోపలి వైపు. స్క్రూ బిగిస్తే నట్ పైకి, అంటే చర్మం వైపే వస్తుంది. కాబట్టి మూత బిగించి ఉన్నంతసేపూ ప్లేట్ చర్మానికి ఒత్తుకునే ఉంటుంది. మూతను గాలి లాగినా అంతే, ఇంకా గట్టిగా ఒత్తుకుంటుంది. ఎగిరేటప్పుడు జిగురు మోసే బరువు దాదాపు ఏమీ లేదు.

జిగురుకు పరీక్ష ఎదురయ్యేది షెడ్డులోనే, రెండు సందర్భాల్లో. ఒకటి తిప్పుడు. సెల్ఫ్ లాకింగ్ నట్ స్క్రూను పట్టుకుంటుంది కాబట్టి తిప్పినంత సేపూ ప్లేట్‌ను కూడా తిప్పాలని చూస్తుంది. 10-32 సైజుకు ఆ తిప్పుడు బలం (లాకింగ్ టార్క్) 18 ఇంచ్-పౌండ్ల దాకా ఉండొచ్చని ప్రమాణం. రెండోది తోపుడు. మర అందేలోపు స్క్రూడ్రైవర్‌తో బలంగా నెడితే ప్లేట్ లోపలికి ఊడి పడిపోతుంది. ఈ రెంటినీ తట్టుకుంటే చాలు.

స్టడ్ సంగతి వేరు. దానికి తగిలించిన బరువు నేరుగా జిగురును పీకుతుంది, అదీ ఒక అంచు నుంచి తొక్క వలిచినట్టు. జిగురు పక్కకు జారే బలాన్ని బాగా మోస్తుంది, వలిచే బలానికి లొంగిపోతుంది. అందుకే స్టడ్‌కు పళ్లెం వెడల్పుగా ఉండాలి, వీలైతే పైన ఒక పొర గ్లాస్ కూడా వేయాలి.

రివెట్_రాణి
సుజాత గారూ, ఇంత స్పష్టంగా నాకు ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. ఇంకొకటి కలుపుతాను. కొత్త నట్‌ప్లేట్‌లో మొదటిసారి స్క్రూ ఎక్కించేటప్పుడు మర మీద కొంచెం మైనం రాయండి. లాకింగ్ పట్టు సర్దుకుంటుంది, జిగురు మీద తిప్పుడు తగ్గుతుంది. నేను రివెట్ వాటికి కూడా ఇలాగే చేస్తాను.

తూనీగ_రెక్కలు
ఇది చదివాక ధైర్యం వచ్చింది. సొంతంగా చేసుకునే పద్ధతి ఎవరికైనా తెలుసా? స్టెయిన్‌లెస్ కె1000 రకాలు యాభై సులువుగానే దొరుకుతున్నాయి. కానీ వాటి చెవులు మరీ చిన్నవి, జిగురు పట్టే చోటే లేదు.

ఎపాక్సీ_బాబాయ్
అసలు కిటుకు అక్కడే ఉంది. చెవులు చిన్నవైతే వాటి కింద పెద్ద పాదం పెట్టాలి. ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం జీ10 (ఎపాక్సీతో గట్టిగా చేసిన) గ్లాస్ షీటు తీసుకోండి. పెద్ద బొత్తాం అంత ముక్కలు కోయండి, మధ్యలో స్క్రూ రంధ్రం వేయండి. నట్‌ప్లేట్‌ను ఆ ముక్కకు రెండు కౌంటర్‌సంక్ రివెట్లతో కొట్టండి, రివెట్ తలలు అతికించే వైపు ముక్కలోకి మునిగిపోవాలి. రివెట్ పడేది విడిముక్క మీద, మీ చర్మానికి రంధ్రం ఉండదు. ఆ ముక్కను చర్మానికి అతికించండి. గ్లాస్‌కు గ్లాస్ కాబట్టి జిగురు చక్కగా పడుతుంది, అతుకు వైశాల్యం కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇంట్లో కట్టుకునేందుకు బర్ట్ రూటాన్ డిజైన్ చేసిన కాంపోజిట్ విమానాలు కట్టినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. 1979లో ఆయన లాంగ్-ఈజీ విమానం ఎగిరిన నాటి నుంచీ మూత నట్లను ఇలాంటి ముక్కలకు రివెట్ కొట్టి, ఫ్లాక్స్ పెట్టి, పైన ఒక పొర గ్లాస్ వేసేవాళ్లు చాలామంది. ఫ్లాక్స్ అంటే తెలియనివాళ్లకు, నూలు పొడి కలిపిన ఎపాక్సీ.

మీది కార్బన్ అయితే ఈ జీ10 ముక్కకు ఇంకో లాభం ఉంది. కార్బన్‌కు అల్యూమినియం తగిలి తేమ చేరితే అల్యూమినియం తినేస్తుంది. మధ్యలో గ్లాస్ ఉంటే ఆ బాధ ఉండదు.

కొత్తరెక్క_02
ముక్కను గట్టిపడేదాకా ఎలా పట్టుకోవాలి? రబ్బరు తోక లేదు కదా.

గాలిపటం_గోపి
సిలికాన్ గొట్టం. అక్వేరియంలో గాలికి వాడే రకం. పొడవాటి స్క్రూ మీద చిన్న ముక్క తొడిగి రంధ్రంలోంచి దూర్చి నట్‌లోకి తిప్పండి. బిగిస్తే గొట్టం ఉబ్బి రంధ్రాన్ని పట్టుకుంటుంది, ముక్క మధ్యలో కూర్చుంటుంది. గట్టిపడ్డాక స్క్రూ విప్పేస్తే గొట్టం దానంతటదే ఊడొస్తుంది. జిగురు సిలికాన్‌కు అంటదు.

ఎపాక్సీ_బాబాయ్
గోపీ, జిగురు సిలికాన్‌కు అంటదు నిజమే. సిలికాన్ తగిలిన చోటికి కూడా అంటదు! వేలికి అంటిన సిలికాన్‌తో ప్లేట్ పట్టుకుంటే అక్కడ అతుకు పోయినట్టే, తర్వాత పెయింట్ వేస్తే చేప కళ్లలాంటి గుంటలు పడతాయి. నా షెడ్డులోకి సిలికాన్ రానివ్వను.

గాలిపటం_గోపి
బాబాయ్, గట్టిపడిన సిలికాన్ గొట్టం వేరు, కారే సిలికాన్, స్ప్రే వేరు. గొట్టాన్ని సబ్బుతో కడిగి, ఆల్కహాల్‌తో తుడిచి వాడుతున్నా. ఇప్పటికి అరవై అయ్యాయి. గొట్టం ముట్టుకున్న చేతికి వేరే గ్లవ్స్, జిగురు ముట్టుకునే చేతికి వేరే గ్లవ్స్.

పాత_ప్రొపెల్లర్
మీ ఇద్దరికీ మధ్యేమార్గం చెప్తాను. నైలాన్ స్క్రూకు మైనం రాసి వాడితే ఏ తగాదా ఉండదు. మరలోకి జిగురు పోయినా నైలాన్ విరిగి వచ్చేస్తుంది.

ఎపాక్సీ_బాబాయ్
ఇది బాగుంది. మైనం మాత్రం అతుకు వైపు తగలనివ్వకండి. స్క్రూను మరీ బిగించొద్దు కూడా. జిగురంతా పక్కకు పిండేస్తే అతుకులో జిగురే మిగలదు. 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ల పొర మిగలాలి. అందుకోసం జిగురులో చిటికెడు సన్న గాజు పూసలు కలుపుతారు. హైసాల్ ఈఏ 9309.3ఎన్ఏ జిగురులో కంపెనీ వాళ్లే కలిపి ఇస్తారు.

తూనీగ_రెక్కలు
జిగురు సంగతి కూడా తేల్చేయండి. జేబీ వెల్డ్ వద్దన్నారు. మరి ఏది?

సుడిగాలి_సుజాత
నేను వాడేది 3ఎం 2216 గ్రే ఎపాక్సీ. గట్టిపడ్డాక కూడా కొంచెం సాగుతుంది కాబట్టి అదురుకు పగలదు, వలిచే బలాన్నీ బాగా తట్టుకుంటుంది. తూకంలో 5 పాళ్ల బేస్‌కు 7 పాళ్ల యాక్సిలరేటర్. కంటి అంచనా వద్దు, చిన్న తూకం మిషన్ పెట్టుకోండి. వంద గ్రాములు కలిపితే గంటన్నర దాకా పని చేసుకోవచ్చు, కాబట్టి టెన్షన్ ఉండదు. కానీ పూర్తి బలం రావడానికి 24 డిగ్రీల దగ్గర 7 రోజులు కావాలి.

ఒక హెచ్చరిక. వేడికి ఇది బాగా తగ్గిపోతుంది. 24 డిగ్రీల దగ్గర 3200 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మోసేది 82 డిగ్రీల దగ్గర 400కి పడిపోతుంది. నల్ల పెయింట్ వేసి ఎండలో పెట్టిన మూత ఆ వేడికి దగ్గరగా వెళ్లగలదు. మీ అడుగు మూతలు నీడలో ఉంటాయి, ఫర్వాలేదు. కౌలింగ్‌కు, ఎగ్జాస్ట్ పక్కన మాత్రం పెట్టకండి.

గ్లైడర్_గిరి
ఫైర్‌వాల్ (ఇంజిన్ వెనక ఉండే మంట ఆపే గోడ) ముందు ఏ జిగురూ వద్దు, అక్కడ రివెట్టే. ఈ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

సుడిగాలి_సుజాత
అందులో మీతో నాకు తగాదా లేదు గిరి గారూ. హైసాల్ ఈఏ 9394 లాంటివి 177 డిగ్రీల దాకా పనికొస్తాయి గానీ, మంట తగిలే చోట జిగురును నమ్మడం తప్పు.

కొత్తరెక్క_02
క్లిక్ బాండ్ వాళ్ల సొంత జిగురు సీబీ200 అని చూశాను. అది?

ఎపాక్సీ_బాబాయ్
అది యాక్రిలిక్. నిమిషాల్లో పట్టేస్తుంది, ఫ్యాక్టరీలో వరసగా వందలు పెట్టేవాళ్లకు హాయి. మనకు ఒక్కొక్కటి సర్దుకుంటూ పెట్టాలి కాబట్టి 2216 నయం. యాక్రిలిక్ వాసన కూడా ఘాటు, తలుపులు తీసి పెట్టుకోవాలి.

ఏ జిగురైనా పని ఒకటే. ముందు అసిటోన్‌తో తుడవండి, తర్వాత 180 నంబర్ శాండ్‌పేపర్‌తో మెరుపు పోయేదాకా గీకండి, మళ్లీ తుడవండి. ఈ వరస తిప్పొద్దు. ముందే గీకితే జిడ్డును గీతల్లోకి కూరినట్టు అవుతుంది. తెల్ల గుడ్డ మీద మరక రానంత వరకు తుడవాలి. పెయింట్ మీద, ప్రైమర్ మీద అతికించకండి. మీ అతుకు ఎంత గట్టిదైనా ప్రైమర్ పట్టు ఎంతో అంతే.

తూనీగ_రెక్కలు
మూడు వారాల తర్వాత వచ్చాను, ఆలస్యానికి మన్నించండి. బాబాయ్ చెప్పిన జీ10 పాదాలతో, సుజాత గారు చెప్పిన 2216తో, ప్రొపెల్లర్ గారి నైలాన్ స్క్రూతో ముందు పాత గ్లాస్ ముక్క మీద ఆరు 10-32లు అతికించాను. ఏడు రోజులు ఆగి టార్క్ రెంచ్‌తో తిప్పాను. మర అయిపోయి అక్కడే బిగుసుకునేలా పొట్టి మర ఉన్న స్క్రూ వేసి 40 ఇంచ్-పౌండ్ల దాకా వెళ్లాను. ఐదు కదల్లేదు. ఒకటి 15 దగ్గరే తిరిగిపోయింది.

ఆ ఒక్కటీ తీసి చూస్తే పాదం అడుగున మెరుపు అలాగే ఉంది. ఆ రోజు మధ్యలో ఫోన్ వచ్చింది, గీకానో లేదో గుర్తు లేక గీకాననుకుని అతికించేశాను. అందుకే ఇప్పుడు గీకిన ప్రతి పాదం మీద పెన్సిల్‌తో గీత పెట్టి, చివరిగా తుడిచేటప్పుడు ఆ గీత చెరిపేస్తున్నాను.

పాత_ప్రొపెల్లర్
ముందు ముక్క మీద చేసి చూశారు చూడండి, అది నేను చేయని పని. మీ విమానంలో ఆ ఒక్కటి ఎక్కడ ఉండేదో తలచుకుంటే నాకు ఆ రెండు వారాలు గుర్తొస్తున్నాయి.

రివెట్_రాణి
నెట్టి చూశారా? సుజాత గారు రెండోది చెప్పారు కదా.

తూనీగ_రెక్కలు
చూశాను. స్క్రూడ్రైవర్ మీద నా బరువు సగం మోపాను. గ్లాస్ ముక్క వంగింది గానీ ఏదీ ఊడలేదు. ఇక అసలు మూతలకు మొదలుపెట్టాను, ఇరవై రెండు అయ్యాయి.

కొత్తరెక్క_02
ఆ జీ10 ముక్కలు గుండ్రంగా ఎలా కోశారు? నాకు అంచులు చిరుగుతున్నాయి.

తూనీగ_రెక్కలు
గుండ్రంగా కాదు, చతురస్రాలే. సన్న పళ్ల రంపంతో పట్టీలుగా కోసి, నీళ్లు చల్లిన శాండ్‌పేపర్ మీద మూలలు అరగదీశాను. తడిగా ఉంటే దుమ్ము లేవదు. అయినా మాస్క్ పెట్టుకోండి, గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు. పన్నెండు పాదాలు ఎక్కువే కోశాను. పోస్టు ఖర్చు పెట్టుకుంటే పంపిస్తాను, మెసేజ్ పెట్టండి.